పాటకు తాళం వేసినవాళ్ళు

మా నాయనమ్మ గొంతు ఒక 60 నిమిషాల క్యాసెట్టులో, రెండో వైపు, 17వ నిమిషం దగ్గర మొదలవుతుంది. అప్పటిదాకా రేడియో నుంచి పట్టిన సినిమా పాటలు. తర్వాత టక్కుమని ఒక చప్పుడు, "కానీ అమ్మా, పాడు" అంటూ నాన్న గొంతు, ఆ వెంటనే మంగళహారతి. రెండు చరణాలు నిండుగా ఉన్నాయి. మూడో చరణం మొదటి మాట దగ్గర మళ్ళీ టక్కుమంటుంది, ఒక సినిమా పాట సగంలోంచి అందుకుంటుంది. ఆ మూడో చరణాన్ని ఎవరు చెరిపారో మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. రేడియోలో ఆ పాట మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు కదా, చేతికందిన క్యాసెట్టు పెట్టి ఎర్ర మీట నొక్కేశాను.

పోయిన నెల ఆ క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. నాన్న దాన్ని పెట్టెలో భద్రంగా దాచాడు. భద్రమంటే ఆయన లెక్క ప్రకారం భద్రం. సముద్రం దగ్గరి ఊరు, గాలిలో తేమ. టేపు అంచున తెల్లటి బూజు పట్టింది. టేపును చదివే హెడ్డుకు దాన్ని ఒత్తి పట్టే చిన్న ఫెల్టు ముక్క జిగురు ఊడి ఎక్కడో రాలిపోయింది. పాడైన ఇంకో క్యాసెట్టు విప్పి, దాని ముక్క తీసి దీనికి అంటించాను. మరలున్న క్యాసెట్టు కాబట్టి సరిపోయింది, అతికించేసిన రకమైతే పగలగొట్టాల్సి వచ్చేది. డెక్కులో పెట్టి వింటే నాయనమ్మ ముసుగు తన్ని పాడుతున్నట్టుంది. హెడ్డు పక్కన ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పాలి, అప్పట్లో రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఏ వాలున ఉండేదో ఈ హెడ్డూ ఆ వాలుకు వచ్చేదాకా. తిప్పుతూ తిప్పుతూ ఉండగా ఒకచోట శషసలు విచ్చుకున్నాయి. వాటి వెనక గలగలమని ఇంకేదో వినిపించింది. గాజులు! నాయనమ్మ పాడుతూ తొడ మీద తాళం వేస్తోంది. ఇన్నేళ్ళూ ఆ క్యాసెట్టు విన్నవాళ్ళం, ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

లయకు వేసేదీ తాళమే, తలుపుకు వేసేదీ తాళమే. పాటకు మొదటి తాళం పాడేవాళ్ళు వేస్తారు, రెండోది అమ్మేవాళ్ళు వేస్తారు. నా గొడవంతా ఆ రెండోదానితో.

క్యాసెట్టుతో కుస్తీ పడుతున్న వారంలోనే నా ఫోనులో 11 పాటలు బూడిదరంగుకు తిరిగాయి. ఏటా చందా కట్టి వాడే యాప్ అది. పేరు ఎందుకులెండి, రేపు ఇంకో యాప్ అయినా ఇదే చేస్తుంది. ఆరేళ్ళుగా ఒక్కొక్కటే ఏరి పేర్చుకున్న జాబితాలో పాటల పేర్లున్నాయి, బొమ్మలున్నాయి, నొక్కితే మాత్రం మోగవు. పాటల కంపెనీకీ యాప్‌కూ మధ్య ఒప్పందం తెగితే ఇలాగే అవుతుంది. స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టింది 2019 ఫిబ్రవరిలో. రెండు మూడు నెలలు తిరగకుండానే సరేగామాతో బేరం కుదరక ఆ కంపెనీ పాటలన్నీ తీసేసింది. సరేగామా అంటే పాత హెచ్ఎంవీ. గ్రామఫోను ముందు కూర్చున్న ఆ కుక్క బొమ్మ కింద మన పాత పాటలు ఎన్ని ఉన్నాయో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. అవి తిరిగి రావడానికి మరుసటి ఏడాది దాకా పట్టింది. 2023 మార్చిలో స్పాటిఫైలో జీ మ్యూజిక్ కంపెనీ పాటలకూ ఇదే గతి. పెద్దల తగువులు తీరితే పాటలు తిరిగి వస్తాయి, లేకపోతే లేదు. మధ్యలో వినేవాడిని అడిగే నాథుడు లేడు. ఇక యాప్‌లే మూతపడటం మరో ముచ్చట. 2024 జనవరి ఆఖరుకు రెస్సో పోయింది, అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్‌ను మూసేస్తున్నట్టు చెప్పింది.

అద్దె మీద నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను. ఇద్దరు మనుషుల హోటలు భోజనానికయ్యే డబ్బుతో నెలల తరబడి లక్షల పాటలు వినగలగడం మా నాన్న తరం కలలో కూడా అనుకోనిది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టవద్దని యజమాని అంటే సరేనంటాం. ఖాళీ చేయమంటే గొణుక్కుంటూ సామాను సర్దుకుంటాం. అద్దె అని తెలిసే కదా దిగాం. నాకు మింగుడుపడనిది 'కొనండి' అని రాసి ఉన్న మీట.

కొనడం అంటే ఏమిటో మా నాన్నకు ఎవరూ పాఠం చెప్పలేదు. క్యాసెట్టు కొన్నాడు. పక్కింటివాళ్ళు అడిగితే ఇచ్చాడు. వాళ్ళు నెల దాటినా తిరిగివ్వకపోతే అమ్మ దగ్గర సణిగాడు. చివరికి పెట్టెతో సహా నాకు వచ్చింది. కొన్నదాన్ని ఎరువివ్వవచ్చు, సగం ధరకు అమ్ముకోవచ్చు, పోయేటప్పుడు పిల్లలకు వదిలి పోవచ్చు. డిజిటల్ దుకాణంలో కొన్నదానితో వీటిలో ఏది చేయగలమో చూడండి. అమెరికాలో రీడిజీ అనే సంస్థ జనం కొన్న పాటల ఫైళ్ళను పాత పుస్తకాల్లా మళ్ళీ అమ్ముకునే ఏర్పాటు చేస్తే, క్యాపిటల్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ దావా వేసింది. 2013లో ఒక కోర్టు, 2018లో పై కోర్టు, రెండూ అది కుదరదన్నాయి. ఫైలును పంపడం అంటే కొత్త ప్రతి తయారుచేయడమే అని వాటి తర్కం. వారసత్వం సంగతి ఇంకా విచిత్రం. మనం పోయాక మన ఖాతా ఎవరు తెరవాలో ముందే రాసిపెట్టుకునే సదుపాయం ఆపిల్ 2021 డిసెంబరులో తెచ్చింది. ఫోటోలు, ఉత్తరాలు వారసులకు అందుతాయి. డబ్బు పెట్టి కొన్న పాటలు, సినిమాలు, పుస్తకాలు అందవు, ఆ మాట వాళ్ళే రాశారు. అంటే మనతోపాటు కాటికి వచ్చే ఆస్తి ఒకటి ఇన్నాళ్ళకు తయారైందన్నమాట. వెంట ఏదీ రాదని చెప్పిన వేమన దీన్ని చూస్తే ఏమనేవాడో.

కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమ్మేది అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. శాశ్వతంగా దించుకోగల ఫైలు ఇచ్చేవాళ్ళకు ఈ బెడద లేదు. చట్టం చిన్నదే, హక్కులేవీ కొత్తగా ఇవ్వదు, మాటను మాటగా వాడమంటుంది. అయినా నాకు నచ్చింది. సంతలో తూకంరాళ్ళ మీద ముద్ర ఉండాలన్నట్టు, మాటకూ ఒక ముద్ర ఉండాలి కదా.

ఈ తాళం మొన్నమొన్నటిది కాదు. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ ఐట్యూన్స్ దుకాణం తెరిచి పాట 99 సెంట్లకు అమ్మినప్పుడే డీఆర్ఎం అనే తాళం వేసి అమ్మింది. మైక్రోసాఫ్ట్ తాళం వేరు, యాహూ ఆ తాళాన్నే తెచ్చుకుంది. పాట మీ కంప్యూటర్లోనే ఉంటుంది, తాళంచెవి మాత్రం కంపెనీ సర్వరులో ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడల్లా వెళ్ళి తాళంచెవి అడగాలి. 2008లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ మ్యూజిక్ దుకాణం తాళంచెవుల సర్వర్లను ఆపేస్తామంది, జనం తిట్టిపోస్తే కొన్నాళ్ళు వాయిదా వేసింది. అదే ఏడాది యాహూ కూడా అదే దారి పట్టి, గోల లేచాక కొన్నవాళ్ళకు పరిహారం ఇస్తానంది. ఈ ముచ్చట అయ్యాక, 2009 జనవరిలో ఆపిల్ పాటల మీద తాళం తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఐట్యూన్స్ దుకాణం ఇప్పటికీ ఉంది, అక్కడ విడిగా కొన్న పాటకు తాళం లేదు. పోరాటం నెగ్గినట్టే. నెగ్గినదాన్ని నాలుగైదేళ్ళలో మనమే తిరిగి ఇచ్చేశాం, చందా పాటల రూపంలో. యాప్‌లో 'దించుకున్న' పాట కూడా తాళం వేసిన పాటే. స్పాటిఫైలో 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు తగిలించకపోతే అది మోగదు.

మన దగ్గర కథ ఇంకొంచెం తమాషా. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో 'ఫ్లైట్' అనే పేరుతో ఎంపీ3 పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో కట్టేసింది. తాళం లేని ఫైళ్ళు అమ్మిన దుకాణం అది. ఏడాదిన్నర కూడా బతకలేదు, కానీ అక్కడ కొని దించుకున్న పాట ఈ రోజుకీ ఏ ఫోనులోనైనా మోగుతుంది. దుకాణం పోయినా సరుకు పోలేదు. యాహూలో కొన్నవాడికి ఆ భరోసా లేదు, దుకాణంతోపాటు తాళంచెవీ పోయింది. కొనే ముందు దుకాణం ఎంత పెద్దదో నేను చూడను, రేపు అది మూతపడితే నా చేతిలో ఏం మిగులుతుందో చూస్తాను.

అయితే ఫ్లైట్ ఎందుకు నిలవలేదు? మనలో కొన్నవాడెవడు గనక! ఆ రోజుల్లో ప్రతి సెల్‌ఫోన్ దుకాణంలోనూ ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉండేవాడు. మెమరీ కార్డు, ఇరవై రూపాయలు ఇస్తే కొత్త సినిమాల పాటలు, పాతవి, భక్తివి, వద్దన్నా రెండు డజన్ల డీజే పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. అంతకు ముందు ఫుట్‌పాత్ మీద ఎంపీ3 సీడీలు, ఒక్కోదానిలో నూటయాభై పాటలు. నేనూ కొన్నాను, ఎక్కించుకున్నాను, సాధువులా మాట్లాడను. 2012 డిసెంబరులో ఐట్యూన్స్ మన దేశానికి వచ్చి పాట 7 నుంచి 15 రూపాయలకు పెడితే, కార్డు మొత్తం ఇరవైకి వస్తుంటే ఒక్క పాటకు పదిహేనా అని నవ్విన మందలో నేనూ ఉన్నాను. పాట రాసినవాడికి, కట్టినవాడికి, పాడినవాడికి పైసా వెళ్ళని ఆ కాలం కంటే చందా యాప్‌ల కాలం నయమే. ఒప్పుకుంటాను. కానీ దొంగ సరుకు పోగొట్టడానికి అసలు సరుకును అద్దె సరుకుగా మార్చడం ఒక్కటే దారి అంటే ఒప్పుకోను.

ఎందుకంటే ఈ తాళం ఇప్పుడు దేనికి కాపలా కాస్తోంది? ఆదిత్య, లహరి వంటి పాటల కంపెనీలు తమ పాటలు చాలావరకు యూట్యూబ్‌లో తామే పెడుతున్నాయి, ఎవరైనా ఊరికే వినవచ్చు. ఊరికే వినిపించేదాన్ని ఇరవై రూపాయలకు శుభ్రమైన ఫైలుగా అమ్మితే వచ్చే నష్టం ఏమిటి? బ్యాండ్‌క్యాంప్ అనే ఇంటర్నెట్ పాటల దుకాణం 2008 నుంచి ఈ పని చేస్తోంది. వినాలంటే వినండి, నచ్చితే కొనండి, కొంటే ఎంపీ3 కావాలన్నా, సీడీ నాణ్యత తగ్గని ఫ్లాక్ కావాలన్నా ఫైలు మీ చేతికి ఇస్తారు. సినిమా పాటలకు అలాంటి దుకాణం తెలుగులో ఒక్కటి ఉంటే, నెలకు అయిదు పాటలైనా కొనేవాడిని నేను ఒకడిని ఉన్నాను. ఆ ఫైలులో రచయిత పేరు తెలుగు లిపిలో రాసి ఇస్తే ఇంకో రూపాయి ఎక్కువైనా ఇస్తాను. క్యాసెట్టు లోపలి అట్ట మీద ప్రతి పాటకూ రాసినవారి పేరు ఉండేది. యాప్‌లో హీరో బొమ్మ ఉంటుంది, రచయిత కోసం మూడు చోట్ల నొక్కాలి, అక్కడా చాలాసార్లు ఉండదు.

సినిమాల సంగతి పాటలంత సులభం కాదు. వాటి తాళాన్ని పెద్ద స్టూడియోలు తీయలేదు. హాలీవుడ్ స్టూడియోలు చాలావరకు కలిసి 2011లో అల్ట్రావయొలెట్ అనే ఇంటర్నెట్ అల్మారా కట్టాయి. ఒకసారి కొంటే ఎక్కడైనా చూసుకోవచ్చన్నారు, 2019 జూలై 31న మూసేశారు. 2023 డిసెంబరులో సోనీ, ప్లేస్టేషన్‌లో జనం కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలు నెలాఖరుకల్లా వాళ్ళ ఖాతాల నుంచి పోతాయని చెప్పింది. అద్దెవి కావు, కొన్నవే. గగ్గోలు లేచాక ఒప్పందం పొడిగించుకుని ఆగింది. మరోవైపు డిస్కులే కనుమరుగవుతున్నాయి. నెట్‌ఫ్లిక్స్ తన డీవీడీల సర్వీసును 2023 సెప్టెంబరులో ఆపింది. 2025 ఫిబ్రవరిలో సోనీ మనం రికార్డు చేసుకునే ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ మానేసింది. మన దగ్గర మోసర్ బేర్ ఒకప్పుడు సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మి దొంగ డిస్కులవాళ్ళకే చెమటలు పట్టించింది. ఆ కంపెనీ 2018లో దివాలా తీసింది. మా అల్మారాలోని ఆ డీవీడీలు ఇంకా ఆడుతున్నాయి, ప్లేయరే మూడోది.

సినిమాను ఇంట్లో దాచడం ఖరీదైన పని కూడా. పాట ఫ్లాక్‌లో 30 మెగాబైట్లు వేసుకుంటే 5,000 పాటలు 150 గిగాబైట్లు, అంటే జేబులో పట్టే పెన్‌డ్రైవు. ఒక్క బ్లూ-రే సినిమాకే ముప్పై గిగాబైట్లు పోతే వంద సినిమాలకు మూడు టెరాబైట్లు. అందుకే సినిమాల విషయంలో నా పట్టు కాస్త సడలించుకున్నాను. ఒకసారి చూసి వదిలేసేదానికి అద్దే మేలు. మళ్ళీ మళ్ళీ చూసేవి ఇంటికి ఓ పాతికకు మించవు, వాటిని డిస్కు దొరుకుతున్నప్పుడే కొనాలి.

దాచుకోవడం దొంగతనం కాదా అని మా తమ్ముడు అడిగాడు. వాడు దేశం మారి ఖాతా దేశం కూడా మార్చుకునేసరికి, ఒక దుకాణంలో కొన్న నాలుగు సినిమాలు వాడి ఖాతాలో కనిపించడం మానేశాయి. అయినా చట్టం అంటే వాడికి భయభక్తులు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు అనుమతిస్తుంది. తాళాలు పగలగొట్టడం గురించి 2012 సవరణలో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు. చట్టం నిషేధించని పని కోసమైతే అది వర్తించదని అక్కడే ఒక మినహాయింపు రాసి ఉంది. అమెరికా చట్టం కంటే ఇది ఎంతో మర్యాదగల మాట. ఇంకో సంగతి, సినిమాల మీద, రికార్డుల మీద మన దగ్గర హక్కు 60 ఏళ్ళు. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా గడువు 2017తో తీరింది. (పాటల సాహిత్యానికి, బాణీకి లెక్క వేరు, సృష్టికర్త పోయాక 60 ఏళ్ళు.) గడువు తీరిందంటే అది జనం ఆస్తి. కానీ గడువు తీరిన రోజున తాళం దానంతటదే ఊడిపడదు. మంచి ప్రతి ఎవరి గదిలో ఉంటే వాళ్ళదే రాజ్యం. ఆ రోజుకు కొన్ని ఇళ్ళలోనైనా తాళం లేని ప్రతులు ఉండాలి. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, దాని ప్రింటు మనకు మిగల్లేదు.

కంపెనీలే దాస్తాయిలే అనుకునేవాళ్ళకు రెండు సంగతులు. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో అగ్నిప్రమాదం జరిగితే అసలు మాస్టర్ టేపులు ఎన్నో కాలిపోయాయి, ఆ సంగతి లోకానికి పూర్తిగా తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది. మైస్పేస్ అనే వెబ్‌సైటు సంగతి 2019లో బయటపడింది: సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ళ పాటు జనం ఎక్కించిన పాటలు పోయాయి, కోట్ల సంఖ్యలో.

అలాగని ఇంట్లో దాస్తే భద్రమా? 2014లో నా హార్డ్ డిస్కు ఒక ఉదయం టిక్కు టిక్కుమని ఆగిపోయింది. ఉన్నది ఒక్కటే ప్రతి. ఎవరినీ అనడానికి లేదు. ఆవకాయ పెట్టి, జాడీకి వాసెన కట్టి, అటకెక్కించి మర్చిపోతే ఏమవుతుంది? మూడో రోజు తిరగకలపాలి, నూనె పైకి తేలిందో లేదో చూడాలి, తడి గరిటె తగలనివ్వకూడదు. ఫైళ్ళూ అంతే. వాడకుండా ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్కు) నిల్వ ఉంచిన చార్జిని నెమ్మదిగా పోగొట్టుకుంటుంది. ఇంట్లో కంప్యూటర్లో రాసుకున్న సీడీల రంగు పొర చెడుతుంది. ఇప్పుడు నావి మూడు ప్రతులు: కంప్యూటర్లో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్కులో ఒకటి, అక్కయ్య ఇంట్లో ఒకటి. ప్రతి సంక్రాంతికి అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు డిస్కు మార్చి వస్తాను. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి అంకె తీసి రాసిపెట్టుకుంటాను. ఏడాది తర్వాత మళ్ళీ తీసి పోల్చితే ఒక్క బిట్టు మారినా పట్టుబడుతుంది. ఈ పనికి ఏడాదికి ఒక పూట. బంగారం లాకరు తెరిచి చూసుకునే వాళ్ళు కూడా ఇంతకంటే తక్కువేమీ తిరగరు.

ఏది దాచాలి అన్నది అసలు చిక్కు. యాప్‌లో లక్షల పాటలున్నాయి గానీ నాన్న పెట్టెలోవి చాలా వాటిలో లేవు. చిన్న కంపెనీలు వేసిన బుర్రకథలు, పద్య నాటకాల క్యాసెట్లు, జాతరలో కొన్న అమ్మవారి పాటలు, ఊళ్ళో రికార్డు చేసుకున్న హరికథ. వాటికి హక్కుదారు ఎవరో కూడా ఇప్పుడు తేలదు, కాబట్టి ఎవరూ వాటిని అద్దెకివ్వరు. సినిమా పాటలు నా దగ్గర పోయినా ఎక్కడో ఒకచోట ఉంటాయి. అందుకే ముందు ఈ పెట్టె పని పట్టాను. 60 నిమిషాల క్యాసెట్టుకు 60 నిమిషాలూ కూర్చోవాలి, దానికి అడ్డదారి లేదు. నలభై మూడింటిలో తొమ్మిది అయ్యాయి.

ఎక్కించినవాటిని మా అమ్మాయి పెన్‌డ్రైవులో వేసుకుని కారులో పెట్టింది. ఫైలు పేరు నేను తెలుగులో రాశాను, కారు స్టీరియో దాన్ని వరసగా ఎనిమిది డబ్బాలుగా చూపిస్తుంది. ఆ డబ్బాల పాట ఏదో ఇప్పుడు అమ్మాయికి తెలుసు. టక్కు, తాతయ్య గొంతు, గాజులు, రెండు చరణాలు, మళ్ళీ టక్కు. మూడో చరణం నాన్నకు గుర్తు లేదు, మేనత్తకు గుర్తు లేదు. నిన్న వంటింట్లో అమ్మాయి గిన్నెలు సర్దుతూ ఆ మంగళహారతి పాడుకుంటోంది. రెండు చరణాలయ్యాక మూడో చరణం మొదటి మాట అంది, ఆగకుండా ఆ సినిమా పాట సగంలోకి వెళ్ళిపోయింది.